ఫాలో ద హెర్రింగ్

ఫాలో ద హెర్రింగ్ అనేది బ్రిటన్ తూర్పు తీరపు హెర్రింగ్ చేపల పరిశ్రమలో స్త్రీల శ్రమను నాటకం, బృందగానం, ఉన్ని అల్లికల ద్వారా స్మరించిన సామూహిక కళా కార్యక్రమం. 2014లో ఇది స్కాట్లండ్‌లోని మసెల్‌బరో నుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ వరకు రేవు పట్టణాల్లో పర్యటించింది.

19వ శతాబ్ది నుంచి 20వ శతాబ్ది తొలి భాగం వరకు, చేపల గుంపులు దక్షిణానికి కదిలేకొద్దీ ‘హెర్రింగ్ గర్ల్స్’ అనే స్కాట్లండ్ యువతులు షెట్లండ్ దీవుల నుంచి గ్రేట్ యార్మత్ దాకా వలస సాగేవారు. ముగ్గురిది ఒక జట్టు. ఇద్దరు పొట్టి కత్తులతో చేపల పేగులు తీస్తే, మూడో మనిషి వాటిని ఉప్పు చల్లుతూ పీపాల్లో వరుసలుగా పేర్చేది. కత్తి కోతల నుంచి, ఉప్పు మంట నుంచి రక్షణకు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేవారు. కార్యక్రమానికి కేంద్రమైన యాన్ కోబర్న్ నాటకం ‘గెటప్ అండ్ టై యువర్ ఫింగర్స్’ పేరు ఆ అలవాటును సూచిస్తుంది. 1881 అక్టోబరు 14నాటి తుఫాను ఈ నాటకానికి నేపథ్యం. ఆ తుఫానులో మరణించిన 189 మంది జాలరుల్లో 129 మంది స్కాట్లండ్ రేవు పట్టణమైన ఐమత్ వారే.

స్థానిక స్త్రీల గాయక బృందాలు ప్రదర్శనల్లో పాల్గొన్నాయి. ఊరూరా ఔత్సాహికులు అల్లిన ఉన్ని ముక్కలను కలిపి ఒక చేపల పడవకు తొడుగు రూపొందించి, పర్యటనలో ప్రదర్శించారు.