తేలెడి ఇటుక

పాలంపేటలోని రామప్ప దేవాలయమును శిల్పసౌందర్యమునకై మనము కొనియాడుదుము. అందలి పదార్థ పరిజ్ఞానమును అంతగా తలపము. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని నిర్మింపజేసినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది.

శిల్పులు పునాదిని ఇసుకతో నింపిరి; గోడలకు ఎఱ్ఱని ఇసుకరాతిని, సున్నితమైన చెక్కడములకు గట్టి నల్లరాతిని ఎన్నుకొనిరి. శిఖరమునకు మాత్రము రాతిని విడిచి, నీటిపై తేలునంతటి తేలికయిటుకలను వాడిరి. ఇటుక నిండ సన్నని రంధ్రములుండుటయే ఆ తేలికకు కారణము. శిఖరము తేలికయైనందున క్రింది కంబములకును పునాదికిని భారము తగ్గినది.

ఇట్టి ఇటుక ఒక్క ఆవముతో కుదిరియుండదు. మట్టిని కలిపి, కాల్చి, చెడినదానిని పాఱవైచి మరల కలిపిన చేతులెన్నియో ఉండవలెను. శాసనము నిర్మింపజేసినవాని పేరు చెప్పినది. ఆ చేతుల పేరు చెప్పలేదు. 2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. ఆ గౌరవమున ఇటుక కాల్చినవారి పాలును మనము మఱువరాదు.