షిల్లాంగు పట్టణము, ఖాసీ ప్రజలు

ఉత్తరమున బ్రహ్మపుత్రా లోయకును, దక్షిణమున సిల్హెట్టు మైదానములకును నడుమ లేచిన ఖాసీ పీఠభూమిమీద, సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల యెత్తున నెలకొన్న పట్టణము షిల్లాంగు. చిరకాలము అస్సాము రాష్ట్రమునకు రాజధానియై, 1972 నుండి మేఘాలయకు రాజధానిగా నున్నది. పట్టణమునకు దక్షిణమున 1,965 మీటర్ల యెత్తున నిలిచిన షిల్లాంగు శిఖరము ఖాసీలకు దేవతాస్థానము.

ఖాసీ భాష ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబమునకు చెందినది. గిడుగు వేంకట రామమూర్తిగారు అపారమైన దీక్షతో పరిశోధించిన సవర భాషయు ఆ కుటుంబములోనిదే. ఖాసీలకు పూర్వము లిపి లేనందున, వారి ప్రాచీన చరిత్రము పితరుల స్మృతికై నిలిపిన రాళ్లయందును, పెద్దలు చెప్పు కథలయందును మాత్రమే నిక్షిప్తమై యున్నది.

1826లో యాండబూ సంధివలన అస్సాము ఆంగ్లేయుల వశమైన పిమ్మట, గౌహతినుండి సిల్హెట్టునకు కొండలమీదుగా బాట వేయవలెనని డేవిడ్ స్కాట్ అను నధికారి సంకల్పించి, నాంగ్‌ఖ్లా సంస్థానపు సియెము (నాయకుడు) తిరోత్ సింగుతో ఒడంబడిక చేసికొనెను. బాటతోపాటు పరాధిపత్యమును కొండ లెక్కుచున్నదని గ్రహించిన ఖాసీలు 1829 ఏప్రిల్ నెలలో నాంగ్‌ఖ్లా మీద పడి బెడింగ్‌ఫీల్డు, బర్ల్‌టను అను సైనికోద్యోగులను సంహరించిరి. నాటినుండి దాదాపు నాలుగేండ్లు, విల్లమ్ములే ముఖ్యాయుధములుగా, తుపాకులు గల సైన్యము నెదిరించి పోరాడిన ధీరుడు తిరోత్ సింగు 1833 జనవరిలో లోబడి, ఢాకాలో బందీగా నుండి 1835లో మరణించెను.

ఖాసీ కొండలలో ఆంగ్లేయుల కార్యస్థానము తొలుత చిరపుంజి. 1841లో అచటికి వచ్చిన వేల్సు మతప్రచారకుడు థామస్ జోన్సు ఖాసీ భాషను రోమను లిపిలో వ్రాయు పద్ధతి నెలకొల్పెను. అయితే ఏటికి సగటున 11 మీటర్లకు పైగా వాన కురియు ఆ చోట కచేరీలు నడుపుట దుస్సహమైనందున, 1863లో మిల్లియం సంస్థానపు సియెము వలన భూమి సంపాదించి, క్రమముగా కార్యస్థానమును షిల్లాంగునకు మార్చిరి. 1874లో అస్సామును బంగాళమునుండి వేరుచేసి చీఫ్ కమీషనరు పాలన కప్పగించినపుడు ఈ యూరే రాజధాని యయ్యెను. కర్నల్ కీటింగు ప్రథమ చీఫ్ కమీషనరు. 1905లో తూర్పు బంగాళముతో అస్సామును కలిపినపుడు రాజధానిత్వము ఢాకాకు పోయి, 1912లో మరల దక్కినది.

1897 జూన్ 12వ తేదీ సాయంకాలము సంభవించిన మహాభూకంపమున పట్టణములోని రాతి కట్టడములు నేలమట్టమయ్యెను. భూగర్భశాస్త్రజ్ఞుడు ఓల్డుహాము ఈ భూకంపముపై వ్రాసిన నివేదిక శాస్త్రలోకమున నేటికిని గౌరవము పొందుచున్నది. పునర్నిర్మాణమున రాతిపై నమ్మకము పోయి, కొయ్య చట్రము నిలిపి, ఇక్రా యను రెల్లు జాతి కాడలను పేర్చి, ఇరువైపుల మెత్తి, పైన రేకులు కప్పిన తేలిక యిండ్లు వెలసెను. భూమి కదలినపుడు ఈ యిల్లు ఊగునేగాని కూలి మనుష్యుని చంపదు. కొండ స్వభావము నెరిగిన వివేకవంతమైన నిర్మాణ మిది.

ఖాసీల వంశము తల్లివలన సాగును. పూర్వికుల యిల్లు, దానితో కులధర్మ నిర్వహణ భారము కడగొట్టు కుమార్తెకు సంక్రమించును. మేనమామ మాట కుటుంబమున మిక్కిలి చెల్లును. పట్టణమునందలి పెద్ద సంత ఇయూదు. పూర్వము ఎనిమిది దినములకొక వారముగా నెంచి సంతలు సాగించెడివారు. సరకులు తెచ్చువారు నొసట పట్టీ తగిలించి, వీపున వేలాడు శంక్వాకారపు బుట్టలలో బరువులు మోసికొని వచ్చెదరు; అంగళ్లలో బేరము నడుపువారు విశేషముగా స్త్రీలే. వచ్చినవారికి వక్క, తమలపాకు, సున్నము కలిపిన ‘క్వాయ్’ ఇచ్చుట మర్యాద; నడచునపుడు ఎన్ని క్వాయ్‌లు నమలితిమో లెక్కించి దూరము చెప్పు వాడుకయు నుండెడిది. స్వమతమును, ఆచారములను కాపాడుకొనుటకు 1899లో సెంగ్ ఖాసీ యను సంస్థ నెలకొల్పబడెను.

రవీంద్రనాథ ఠాగూరు ఇచట పలుమారులు విడిది చేసెను. ఆయన నవల ‘శేషేర్ కవిత’కు రంగస్థల మీ పట్టణమే. స్వాతంత్ర్యానంతరము కొండ జాతుల ఆందోళన ఫలితముగా 1972 జనవరి 21న మేఘాలయ రాష్ట్ర మవతరించెను; అస్సాము రాజధాని దిస్పూరునకు తరలెను. ఇయూదు సంత మాత్రము మిల్లియం సియెము ఆధీనముననే నిలిచినది.