అడ్డపొగ – అంగిటిపుండు



పొగాకు నారుమళ్ళ గురించి, తలలు తుంచడం, పిలకలు తీయడం గురించి, బ్యారనులో వేడి ఎంత ఉండాలనే లెక్కల గురించి మనం ఎన్నోసార్లు చెప్పుకుంటాము. ఆకు మన చేయి దాటి మరొకరి నోటికి చేరిన తరువాత ఏమవుతుందో మాత్రం అంతగా చెప్పుకోము. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాము. ఈ కథలో పెద్ద భాగం శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాన జరిగింది. నోటి క్యాన్సరు ఎందుకు వస్తుంది, ఎలా వస్తుంది అన్న విషయంలో ప్రపంచంలోని వైద్యులకు ఒక గట్టి పాఠం మన పల్లెల్లోని ఆడవాళ్ళ నోళ్ళలో దొరికింది. ఆ పాఠం ఆ పల్లెలకు మాత్రం పూర్తిగా తిరిగి చేరలేదని నా అభిప్రాయం.

అడ్డపొగ అంటే ఉత్తరాంధ్రలో తెలియనివారు ఉండరు. అడ్డచుట్ట అని కూడా అంటారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని, పెదవులు బిగించి కాలుస్తారు. చూసేవారికి చుట్ట చల్లని కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. నిప్పు నాలుకకూ అంగిలికీ నడుమ ఉంటుంది. నుసి ఉమ్మివేస్తారు, కొందరు మింగుతారు కూడాను. ఈ అలవాటు మగవారిలోనూ ఉన్నది గాని ఆడవారిలో ఎక్కువ. బెస్తపల్లెల్లో, పొలం పనులకు పోయే కుటుంబాల్లో తల్లిని చూసి కూతురు నేర్చుకున్నది.

ఎందుకిలా కాలుస్తారమ్మా అని అడిగితే వచ్చే జవాబులు తీసివేయదగినవి కావు. సముద్రపు గాలికి, వాన తుంపరకు నిప్పు ఆరిపోదు. చుట్ట త్వరగా అయిపోదు, కాబట్టి ఖర్చు తక్కువ. వల మీద గాని, నాట్ల మీద గాని రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు నిప్పురవ్వ ఒంటి మీద, చంటిపిల్ల మీద పడదు. పంటిపోటు తగ్గుతుందని కొందరంటారు. తెలివితక్కువ వల్ల వచ్చిన అలవాటు కాదిది, కష్టజీవనంలోంచి పుట్టినది. ఆ మాట ముందుగా ఒప్పుకోని ఉద్యోగి పల్లెకు వెళ్ళి ఎంత చెప్పినా ఎవరూ చెవిని పెట్టరు.

ఇక వైద్యుల సంగతి. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల వెలసింది. తరువాత దానికే ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు వచ్చింది. అక్కడి కింగు జార్జి ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చే రోగుల్లో ఒక విచిత్రం కనిపించింది. ఇతర దేశాల్లో నోటి క్యాన్సరు నాలుకకో, పెదవికో, నోటి అడుగుకో వస్తుంది. అంగిలి గట్టిభాగంలో రావడం చాల అరుదు. ఇక్కడ ఆ అరుదైన చోటే మాటిమాటికీ కనిపించసాగింది. మన పెద్దలు రాచపుండు అనే పేరుతో చెప్పుకున్న జబ్బు ఇదే. 1937లో కినీ, సుబ్బారావు అనే వైద్యులు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో క్యాన్సరు సమస్యను గురించి వ్రాశారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1933లో, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు ఆసుపత్రి డాక్టరు ఓర్, తాంబూలంలో పొగాకు వేసి నమిలేవారికి వచ్చే నోటి క్యాన్సరు గురించి లాన్సెట్ పత్రికలో ప్రకటించి ఉన్నారు.

ఈ ముక్కలన్నిటినీ ఒకచోట పేర్చినవారు బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు వి. ఆర్. ఖానోల్కరు. ఆ ఆసుపత్రి 1941లో తెరిచారు. దేశం నలుమూలలనుంచి రోగులు వచ్చేవారు. ఖానోల్కరు, సూర్యాబాయి కలిసి 1945లో ఒక వ్యాసం ప్రకటించారు. మనదేశపు అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్లు అందులోని విషయం. ఒకటి, నడుముకు ధోవతి బిగించి కట్టే చోట వచ్చేది. రెండవది, ఖైనీ పెట్టుకునేవారికి కింది పెదవి లోపల, అది దాచుకునే చోట వచ్చేది. మూడవది మన చుట్ట క్యాన్సరు, అంగిట వచ్చేది. సంగతి ఎంత తేటగా ఉన్నదో చూడండి. ఆకు ఎక్కడ ఆనితే అక్కడ, నిప్పు ఎక్కడ తగిలితే అక్కడ పుండు. కులాన్ని బట్టి గాని, రక్తాన్ని బట్టి గాని, గ్రహచారాన్ని బట్టి గాని పుండు చోటు ఎంచుకోవడం లేదు.

ఐతే పొగాకు దోషమా, వేడి దోషమా? ఈ ప్రశ్న విశాఖ వైద్యులను చాలకాలం పట్టి పీడించింది. 1957లో రెడ్డి, రావు గార్లు, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం వల్ల కోస్తా ఆంధ్రలో వచ్చే అంగిటి క్యాన్సరు గురించి ఒక వ్యాసం ప్రకటించారు. 1960లో పొగాకు తారునూ వేడినీ కలిపి జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. అడ్డపొగ కాల్చేటప్పుడు నోటిలోని గాలి వేడి 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుందని, అంగిటి పొర 58 డిగ్రీల దాకా కాగుతుందని కొలిచినవారున్నారు. అంత వేడి నీళ్ళు వేలికి తగిలితే చేయి వెనక్కు లాక్కుంటాము. అంగిలి లాక్కోలేదు. మందమై, తెల్లబడి, ఓర్చుకుంటుంది. ఆ ఓర్పే నొప్పి తెలియకుండా చేస్తుంది. అసలు ప్రమాదం అక్కడున్నది.

ఈ అలవాటు మనవారి సొత్తే అనుకోకండి. పనామా, కొలంబియా, ఫిలిప్పీన్సు, సార్డీనియా దీవి, ఇలా గాలి తాకిడి ఉన్న చాల చోట్ల ఆడవారు ఇలాగే కాల్చేవారు.

ఇంతవరకూ చెప్పినదంతా ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. ఆసుపత్రికి రానివారి మాటేమిటి? దీనికోసం 1966–67లో ఒక పెద్ద పని జరిగింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో దంత పరిశోధన విభాగం నడిపిన డాక్టరు ఫలీ మెహతా, డెన్మార్కునుంచి వచ్చిన డాక్టరు పిండ్‌బోర్గు, వారి సహచరులు పల్లెపల్లె తిరిగి, ఇల్లిల్లూ తిరిగి, నోరు తెరిపించి చూశారు. ఐదు జిల్లాలు: గుజరాతులో భావనగరు, కేరళలో ఎర్నాకుళం, బీహారులో దర్భంగా, అప్పట్లో బీహారులోనే ఉన్న సింగ్‌భూం, మన శ్రీకాకుళం. మొత్తం 50,915 మందిని పరీక్షించారు. అందులో శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. ఇప్పటి విజయనగరం, పార్వతీపురం ప్రాంతాల్లో చాలభాగం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేదని గుర్తుంచుకోవాలి. పరీక్షించినవారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ కాల్చేవారే అని తేలింది. ఇది 1971లో ప్రకటించారు.

పదివేల పైచిలుకు నోళ్ళు! ఒక్కొక్క అంగిలీ బొమ్మ గీసినట్టు వివరంగా వ్రాసుకున్నారు. ఎక్కడ తెల్లని మందపు పొర ఉన్నది, ఆ పొరలో లాలాజలం వచ్చే సన్నని రంధ్రాల చుట్టూ ఎర్రని చుక్కలు ఎన్ని, ఎక్కడ ఎర్రబారింది, ఎక్కడ ఒరిసిపోయి పుండు పడింది, అన్నీను. చూసి ఊరుకోలేదు, పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి అవే ఇళ్ళ తలుపులు తట్టారు. అప్పుడు తేలినవి రెండు. కొత్తగా వచ్చిన నోటి క్యాన్సర్లు దాదాపు అన్నీ పొగాకు కాల్చేవారికో, నమిలేవారికో వచ్చాయి. పొగాకు ముట్టనివారికి దాదాపు రాలేదు. రెండవది ఇంకా ముఖ్యం. క్యాన్సరు ఉన్నట్టుండి ఊడిపడదు. చాలమందిలో ముందు మచ్చ వస్తుంది, తరువాతనే పుండు. ఈ రెంటి నడుమ సాధారణంగా ఏళ్ళ వ్యవధి ఉంటుంది. పంటకు తెగులు వస్తే మొదటి ఆకుమచ్చ చూడగానే మందు కొట్టే రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

తరువాతి మెట్టు ఇంకా పెద్దది. చూడడం అయింది, మాన్పించగలమా? శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగరు ప్రాంతాల్లో పొగాకు వాడే 36,471 మందిని తీసుకొని ఏటేటా పరీక్షిస్తూ, ఇంటికి వెళ్ళి ముఖాముఖి చెబుతూ, పత్రికలు, సినిమాలు, రేడియో ద్వారా కూడా చెప్పించి చూశారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. చెప్పనివారితో పోల్చి చూస్తే చెప్పినవారిలో మానివేసినవారు ఎక్కువ; కొత్తగా తెల్లమచ్చ పుట్టడం కూడా బాగా తగ్గింది. అందరూ మానలేదు, మానినవారు తక్కువమందే అని ఒప్పుకోవాలి. ఐనా అరవై యేళ్ళ ముసలమ్మ అలవాటు మార్చుకోదని మనం పెదవి విరిచేదానికి ఇది సరియైన జవాబు. చుట్ట మానితే అంగిటి మీది తెల్లని మందపు పొర చాలమందిలో క్రమంగా పలచబడి పోతుంది. పుండుగా మారినదాని సంగతి వేరు, అది డాక్టరు చేతిలో పడవలసినదే.

మన ఇంటి లోపలి సంగతి కూడ ఒకటి చెప్పాలి. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టకు పేరుపడ్డది. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్రప్రభుత్వం పొగాకు పరిశోధనా సంస్థను పెట్టింది. పంట మీద ఎన్నో కుటుంబాలు బ్రతికాయి, బ్రతుకుతున్నాయి. ఆకు పండించినవాడు పాపం చేశాడని నేననను. కాని తెగులు గురించి మనకున్నంత తెలివి, ఆకు కాల్చేవాళ్ళ నోటి గురించి ఉండకపోవడం మాత్రం నాకు సరిగా తోచదు. 2009నుంచి సిగరెట్టు పెట్టెల మీద, బీడీకట్టల మీద హెచ్చరిక బొమ్మలు వేస్తున్నారు. సంతలో విడిగా కొనే చుట్టకు పెట్టె ఏదీ? చదువురాని అమ్మకు ఆ బొమ్మ ఎక్కడ కనపడుతుంది?

అడ్డపొగ ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. దాని బదులు వేరొకటి వచ్చి కూర్చున్నది. గుట్కా, జర్దా, వక్కపొడి పొట్లాలు. ఇవి పడుచువాళ్ళను పట్టాయి. వక్కకు పొగాకు కలిస్తేనే చెడుపు అని చాలమంది నమ్మకం. అది నిజం కాదు. ఉత్త వక్క కూడా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర బిరుసెక్కి, నోరు తెరుచుకోకుండా పోతుంది. కారం తగిలితే మంట. మూడు వేళ్ళు నిలువుగా పెట్టి నోట్లో పట్టడం లేదంటే అనుమానించవలసినదే. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. వ్యాపారులు రెండు పొట్లాలుగా విడగొట్టి, ఒకదానిలో మసాలా, ఒకదానిలో జర్దా అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటున్నాడు.

గ్రామాల్లో తిరిగే సిబ్బందికి ఇక చెప్పవలసినది కేరళ సంగతి. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, 35 ఏళ్ళు దాటిన సుమారు లక్షా తొంభైవేల మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగం పల్లెల్లో, వైద్యం చదవని మామూలు పట్టభద్రులకు తరిఫీదు ఇచ్చి, ఇల్లిల్లూ తిప్పి, టార్చిలైటు వెలుతురులో నోళ్ళు చూపించారు. అనుమానం కలిగినవారిని డాక్టరు దగ్గరకు పంపారు. 2005లో ఫలితం చెప్పారు. పొగాకు గాని, సారా గాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు చావులు రెండవ భాగం పల్లెలకన్న నూటికి 34 తక్కువ. ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ఒక లైటు, ఒక జత తొడుగులు, చూసే కన్ను, ఓపిక. దీన్ని చూసే కాబోలు, 2016లో కేంద్రప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారందరి నోళ్ళను ఐదేళ్ళకొకసారి చూడాలని పద్ధతి ఏర్పరచింది. ఆ పని ఏ.ఎన్.ఎం.లది, వారికి సాయం ఆశా కార్యకర్తలది. కాగితం మీద ఉన్న పద్ధతి ప్రతి పల్లెలోనూ నడుస్తున్నదా అని అడగవలసినవాళ్ళం మనమే.

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గట్టి గడ్డ, మింగుడు పడకపోవడం, ఇవి కనబడితే ఆలస్యం చేయకండి. విశాఖ అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నది. మొరిసిపోయిన పన్ను అంచు బుగ్గనూ నాలుకనూ ఒరుస్తూ ఉంటే ఆ పన్ను సరిచేయించండి. పుండు మీద సున్నమూ, నాటుపసరూ పూసుకుంటూ నెలలు గడపవద్దు. మొదట్లో నొప్పి ఉండదు గనుక నొప్పి కోసం కాచుకు కూర్చోవద్దు.

నోరు చూసే సిబ్బందికి ఒక చిన్న మాట. నాలుక, బుగ్గలు, చిగుళ్ళు చూసి చాలించుకోకండి. మన తీరంలో పుండు దాక్కునే చోటు పైన ఉన్నది. అమ్మను వెలుతురు కేసి కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, నోరు బాగా తెరవమని చెప్పండి. ముందు కట్టుడుపళ్ళు తీయించండి. పైపళ్ళ సెట్టు పెట్టుకుని ఉన్నవారికి అంగిలి దాదాపుగా దాని చాటునే ఉంటుంది.