నెత్తుటి సాక్ష్యం

మనిషి నెత్తుటిలో అతని పుట్టుక రాసి వుంటుందన్న నమ్మకం కొత్తది కాదు. భారతంలో కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టాన్ని పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులను ఒక సంగతి గమనించమంటాను. కర్ణుడి విలువిద్యను కృపాచార్యుడు శంకించలేదు, వంశం అడిగాడు. విద్య కళ్లెదుట వుండగా వంశం అడగడంలో జిజ్ఞాస యేముంది? వున్నదంతా అధికారమే. నేడు జన్యుశాస్త్రం న్యాయస్థానంలోకి, వైద్యశాలలోకి ప్రవేశించి మనిషి పుట్టుకను అక్షరాక్షరంగా చదువుతోంది. ఈ చదువు ఇంతవరకు యెవరికి కవచమయిందో, యెవరికి సంకెలయిందో తెలుసుకోవలసిన బాధ్యత మనకుంది.

మిత్రుల్లో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. జన్యుశాస్త్రమంటేనే జాత్యహంకారమని కొందరు తోసివేస్తున్నారు. శాస్త్రానికి వర్గం లేదు గనక వచ్చినదంతా ప్రగతేనని మరికొందరు చేతులు జోడిస్తున్నారు. రెండు వాదాలూ చరిత్ర ముందు నిలవవు. అది యెలాగో చూద్దాం.

నేర పరిశోధనలో మనిషి దేహాన్నే పత్రంగా చదవడం మన దేశంలోనే, వలసపాలనలోనే పెరిగింది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి రాజ్యధర్ కొనాయి అనే కంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. నల్లవాడి మాట మీద తెల్లదొరకు నమ్మకం లేకపోవడమే దానికి మూలం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలసింది. ముద్రలను వర్గీకరించే గణితమంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ. లోకంలో నిలిచిన పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీది. 1892లో వేలిముద్రల మీద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ గాల్టనే, 1883లో 'యూజెనిక్స్' అనే మాట పుట్టించాడు. ఆయన వేలిముద్రల్లో జాతినీ బుద్ధినీ వెతికాడు. కనబడక నిరాశ చెందాడు. శాస్త్రం తన యజమాని కోరికను కాదన్న సందర్భమిది.

అయినా కోరిక చావలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించింది. 1911లో అది మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. నాటి గుంటూరు జిల్లాలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టం బిడ్డే. అంతకు ముందు ఎరుకలవారు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా వర్తకం చేసేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వచ్చింది, ఆ వర్తకం చితికింది. బతుకు పోయినవారిని నేరస్థులన్నారు. నేరస్థులన్నవారిని కంచెలో పెట్టారు. కంచెలో పెట్టినవారి శ్రమను చీరాల పొగాకు కంపెనీకి అందించారు. నేరం నెత్తుటిలో వుందన్న సిద్ధాంతం చివరికి చవక కూలీని సమకూర్చే సాధనమయింది. 1952లో చట్టం రద్దయింది గాని, ఆ ముద్ర నేటికీ చెరగలేదు. జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించవలసి వచ్చిందంటే, ముద్ర ఎంత లోతుగా పడిందో ఊహించవచ్చు.

ఈ చీకటి ఇలా వుండగా, వెలుగు మరొక దిక్కు నుంచి వచ్చింది. 1984 సెప్టెంబరులో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ ఒక విషయం కనుగొన్నాడు. మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒకే అక్షరాల వరుస పదేపదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి సంక్రమిస్తుంది. ఆ తేడాలన్నిటినీ ఒకేసారి పట్టి చూపితే గీతల వరుస వస్తుంది. ఏకరూప కవలలకు తప్ప అది యే ఇద్దరికీ ఒకటిగా వుండదు. మొదటి ఉపయోగం పోలీసులకు కాదు. 1985లో ఘనా నుంచి వచ్చిన ఒక బాలుణ్ణి బ్రిటిషు వలస అధికారులు ఆపి, తల్లి కొడుకువు కావన్నారు. పరీక్ష అతడు తల్లికొడుకేనని తేల్చింది.

తర్వాత లెస్టర్‌షైర్‌లో 1983లోనూ 1986లోనూ పదిహేనేళ్ల బాలికలిద్దరు హత్యకు గురయ్యారు. పోలీసులు 17 ఏళ్ల కుర్రవాణ్ణి పట్టుకున్నారు. అతడు రెండవ హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. డీఎన్‌ఏ ఆ ఒప్పుకోలు అబద్ధమన్నది. రెండు హత్యలూ చేసినవాడు ఒక్కడేననీ, వాడు ఈ కుర్రవాడు కాడనీ చెప్పింది. చుట్టుపక్కల గ్రామాల్లో దాదాపు 5,000 మంది మగవారి నెత్తురు పరీక్షించారు. అసలు దోషి తన బదులు సాటి పనివాడి చేత నెత్తురు ఇప్పించి తప్పించుకోజూశాడు; ఆ రహస్యం మాటల్లో బయటపడి 1987లో దొరికాడు. 1988 జనవరిలో శిక్ష పడింది. ఈ విద్య హత్యానేర పరిశోధనలో చేసిన మొదటి పని, ఒక నిర్దోషిని విడిపించడం. లాకప్పులో ఒప్పుకోలు యెలా పుడుతుందో తెలిసిన మన దేశానికి ఇంతకన్న విలువైన పాఠం లేదు.

ఆ పాఠం మన గడ్డ మీద హైదరాబాదులో మొలకెత్తింది. పుష్పమిత్ర భార్గవ 1977లో ప్రారంభించిన సీసీఎంబీలో లాల్జీసింగ్ కట్లపాము జాతి పాములో దొరికిన డీఎన్‌ఏ వరుసనే ఆధారం చేసుకుని 1988 నాటికి స్వదేశీ పద్ధతి రూపొందించాడు. కేరళలోని తలశ్శేరిలో తండ్రి యెవరన్న వివాదంలో దీని సాక్ష్యం నిలిచింది. 1991లో కేరళ హైకోర్టు దానిని ఆమోదించింది. ఆ కేసు వెనకనున్నది బిడ్డ నాకు పుట్టలేదన్న మగవాడి మాట. అంతవరకు ఆడదాని మాటకు సాక్షి యెవరు? ఇక మీదట బిడ్డ నెత్తురే సాక్షి అయింది.

ఇదే ప్రయోగశాల మన సమాజాన్ని గురించి మరొక నిజం కూడా చెప్పింది. 2009, 2013 సంవత్సరాల్లో సీసీఎంబీ, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించిన పరిశోధనల ప్రకారం, దాదాపు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రితం వరకు ఈ దేశ ప్రజలు విస్తృతంగా కలిసిపోయారు. దరిదాపుగా యే కులమూ, యే తెగా ఆ కలయికకు దూరంగా లేదు. ఆ తర్వాతే పెళ్లి తలుపులు మూసుకున్నాయి. అంటే కులశుద్ధి అనేది కల్ల. కులం గోడ మాత్రం నిజం. నెత్తురు కులాన్ని చెయ్యలేదు, కులమే నెత్తుటి మీద తన గోడల ఆనవాళ్లు వదిలింది.

ఆ ఆనవాళ్లు వైద్యశాలలో తేలుతాయి. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. సాధారణంగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరిచే ఎంజైము కొందరిలో పుట్టుకతో వుండదు. వారు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మన వైశ్యుల్లో ఈ లోపం ఇతరుల కన్న దాదాపు వంద రెట్లు ఎక్కువని 2017లో ప్రకటించిన పరిశోధన పేర్కొన్నది. అంచేతనే మత్తుమందు వైద్యులు వైశ్యులా అని ముందుగా వాకబు చేస్తారు. ఆ ప్రశ్న ప్రాణం నిలిపే ప్రశ్న. అయితే ఇది ఒక్క కులం కథ కాదు. అదే పరిశోధనలో చూసిన 263 సమూహాల్లో 81కి, ఫిన్లాండు ప్రజలను మించిన ఇలాంటి చరిత్ర వుంది. కొద్దిమంది పూర్వికులు, తరతరాల లోపలి పెళ్లిళ్లు: దీని ఫలమది. మనిషి మనిషికీ తగిన మందు అనే కొత్త వైద్యానికి మన దేశంలో మొదటి పాఠ్యగ్రంథం కులవ్యవస్థ రాసిన ఈ దుఃఖమే.

ఇక ఆ మందు యెవరికి? సికిల్ సెల్ రక్తహీనత కథ చూడండి. ఒక అణువులోని లోపం వ్యాధి కాగలదని 1949లో లైనస్ పాలింగ్ బృందం మొట్టమొదట చూపినది ఈ జబ్బులోనే. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీనిని గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. అంచేత మలేరియా అడవుల్లో బతికిన ఆదివాసుల్లో ఇది నిలిచింది. మన ఏజెన్సీ గూడేల్లోనూ వుంది. 2023 డిసెంబరులో అమెరికా ఒక కొత్త చికిత్సను అనుమతించింది: రోగి సొంత కణాలను తీసి, జన్యువును సవరించి, తిరిగి ఎక్కిస్తారు. ధర 22 లక్షల డాలర్లు, అంటే ఆనాటి మారకంలో 18 కోట్ల రూపాయల పైచిలుకు. అదే యేడు జూలైలో మన కేంద్ర ప్రభుత్వం 7 కోట్ల మందిని పరీక్షించే కార్యక్రమం ప్రారంభించింది. పరీక్ష మంచిదే. కాని దశాబ్దాలుగా తెలిసిన హైడ్రాక్సీయూరియా మాత్ర, రక్తమార్పిడి, జ్వరం వస్తే చేరగల ఆస్పత్రి గూడేనికి అందకపోతే, చేతికిచ్చిన కార్డు ఆడపిల్ల పెళ్లికి అడ్డమయ్యే మరో ముద్రగా మిగులుతుంది.

నేరవిచారణలోనూ ప్రశ్న ఇదే. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానే వచ్చిన 2022 చట్టం, అరెస్టయిన వారి నుంచి కూడా జీవసంబంధమైన నమూనాలు సేకరించి, రికార్డులను 75 ఏళ్లు నిలవ వుంచవచ్చంటోంది. నిర్దోషులని తేలినవారి రికార్డులు చెరిపివెయ్యాలన్న నియమం వున్నా, కోర్టు వేరుగా ఆదేశించవచ్చు. డీఎన్‌ఏ వినియోగాన్ని నియంత్రించడానికి తెచ్చిన 2019 బిల్లును ప్రభుత్వం 2023 జూలైలో వెనక్కి తీసుకున్నది. 2022 చివరికి మన జైళ్లలో వున్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. అరెస్టయ్యేది ప్రధానంగా బీదవాడైనప్పుడు, నిండేది బీదవాడి నెత్తురుతో నిండిన ఖజానాయే. రేపు యే నేరం జరిగినా మొదట వెతికేది ఆ ఖజానాలోనే. స్టూవర్టుపురం కంచె ఇనుపతీగలతో కట్టినది. కొత్త కంచె కంటికి కనిపించదు.

డీఎన్‌ఏ పరీక్ష నమూనా యెవరిదో చెబుతుంది. అది అక్కడికి యెలా వచ్చిందో, యెవరు సీసాలో పోశారో చెప్పదు. అందుకే ఈ శాస్త్రాన్ని పోలీసుల గుప్పిట్లో వదలరాదు, పేదవాడి చేతికి అందకుండా చెయ్యరాదు. ప్రయోగశాలలు పోలీసు శాఖకు లోబడకుండా స్వతంత్రంగా వుండాలి. ముద్దాయి కూడా ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష కోరే హక్కు కలిగి వుండాలి. నిర్దోషి రికార్డు అడగకుండానే చెరిగిపోవాలి. గూడేనికి కార్డుకన్న ముందు మాత్ర చేరాలి. విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ తమ కోర్కెల పట్టికలో వీటిని చేర్చుకోవలసిన సమయం వచ్చింది. లెస్టర్‌లో కుర్రవాణ్ణి విడిపించిన విద్య మన లాకప్పుల్లో వున్నవాడికి చేరిన నాడే అది ప్రజల శాస్త్రమవుతుంది.