స్ట్రింగ్ నుంచి దశాంశ సంఖ్య

ప్రోగ్రామింగులో అక్షరాల వరుసగా (స్ట్రింగ్‌గా) ఉన్న అంకెలను లెక్కలకు పనికొచ్చే దశాంశ సంఖ్యగా మార్చడాన్ని సంఖ్యా పార్సింగ్ అంటారు. కీబోర్డు మీద కొట్టినదైనా, ఫైలు నుంచి చదివినదైనా ప్రోగ్రాముకు ముందు అక్షరాలుగానే అందుతుంది. జూరాల జలాశయం పూర్తి నీటిమట్టం "318.516" మీటర్లు అని ఫైల్లో ఉంటే కంప్యూటరుకు అది ఏడు గుర్తుల వరుస. నిన్నటికీ ఇవాళ్టికీ మట్టం ఎంత తగ్గిందో తేల్చాలంటే దాన్ని సంఖ్యగా మార్చాలి.

మార్చే పద్ధతి తేలికైనదే. కంప్యూటరులో ప్రతి గుర్తుకూ ఒక కోడ్ సంఖ్య ఉంటుంది. సున్నా గుర్తు కోడ్ 48, తొమ్మిది గుర్తు కోడ్ 57. కోడ్‌లోంచి 48 తీసేస్తే అంకె విలువ వస్తుంది. ఎడమ నుంచి చదువుతూ అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని పదితో హెచ్చవేసి కొత్త అంకెను కలుపుతారు. చుక్క తర్వాత మూడంకెలుంటే చివర 1000తో భాగిస్తారు.

కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం యంత్రం భిన్నాలను ద్విసంఖ్యామానంలో దాస్తుంది. 0.5 అందులో సరిగ్గా ఇముడుతుంది, 0.1 ఇమడదు. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. రాసిన విలువకు అతి దగ్గరి ద్విసంఖ్యను తప్పకుండా పట్టుకునే పద్ధతిని విలియం క్లింగర్ 1990లో ప్రచురించారు. అయినా 2011లో 2.2250738585072011ను పదికి రుణ 308వ ఘాతంతో హెచ్చవేసిన విలువను స్ట్రింగ్‌గా ఇస్తే పీహెచ్‌పీ కొన్ని యంత్రాల్లో అంతులేని చక్రంలో పడింది. అదే ఏడాది జావా కూడా దాదాపు అదే విలువ దగ్గర చిక్కుకుంది. డబ్బు లెక్కలకు ద్విసంఖ్యల్లో దాచే ఫ్లోట్ రకం బదులు డెసిమల్ రకం వాడమనేది 0.1 లాంటివి సరిగ్గా ఇమడకపోవడం వల్లే.

కామాలది మరో చిక్కు. 2024-25లో వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు "6,783" రూపాయలు. పైథాన్‌లోని ఫ్లోట్ ఈ స్ట్రింగ్‌ను తిప్పికొడుతుంది. జావాస్క్రిప్ట్‌లోని పార్స్‌ఫ్లోట్ మాత్రం కామా దగ్గర ఆగిపోయి 6 అని జవాబిస్తుంది. ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు. తెలుగు అంకెల్లో రాసిన "౧౨.౫"ను పైథాన్ 12.5గా చదువుతుంది, జావాస్క్రిప్ట్ చదవదు. నాలుగో వంతుల మీద నడిచిన పాత తెలుగు భిన్నాల గుర్తులకు 2008లో యూనికోడ్ 5.1లో చోటు దొరికింది గానీ ఫ్లోట్ వాటిని అంకెలుగా ఒప్పుకోదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది భూమి విస్తీర్ణం. పాసుపుస్తకంలో "2.20" అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. అంటే అది రెండున్నర ఎకరాలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలనూ గుంటలనూ విడదీసే గుర్తు. ఆలంపూర్ నుంచి తుంగభద్ర దాటి కర్నూలు వైపు వెళ్తే ఎకరాకు 100 సెంట్లు. అక్కడ రెండున్నర ఎకరాలను "2.50" అని రాస్తారు, ఆ చుక్క నిజంగా దశాంశ బిందువే.

"2.20"ను నేరుగా ఫ్లోట్‌గా మారిస్తే 2.2 అవుతుంది. చివరి సున్నా పోవడంతో అది ఇరవై గుంటలో, రెండు గుంటలో చూసేవాళ్లకు తెలియదు. విలువా తప్పుతుంది. ఎకరాకు 6,000 చొప్పున రైతు భరోసా లెక్క కడితే రెండున్నర ఎకరాలకు 15,000 రావాలి. 2.2తో హెచ్చవేస్తే 13,200 వస్తుంది, రైతుకు 1,800 తగ్గుతుంది. కూడికలోనూ అంతే. రెండు "1.25" కమతాలు కలిస్తే 2.50 కాదు, మూడెకరాల పది గుంటలు.

కాబట్టి చుక్క దగ్గర స్ట్రింగ్‌ను రెండుగా విడగొట్టి, రెండు ముక్కలనూ వేర్వేరుగా పూర్ణసంఖ్యలు చేయాలి. ఎకరాలను 40తో హెచ్చవేసి గుంటలు కలిపితే "2.20" వంద గుంటలవుతుంది. చుక్క తర్వాతి విలువ 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ నమోదును వెనక్కి పంపాలి. సర్వే నంబరును అసలు సంఖ్యగా మార్చకూడదు, స్ప్రెడ్‌షీట్లు "5/2"ను తేదీగా మార్చేస్తాయి.

భూమి లెక్కల ప్రోగ్రాము రాసేవారు విస్తీర్ణాన్ని గుంటల్లోనే దాచాలి. రైతుకు చూపేటప్పుడు మాత్రం చుక్క పెట్టకుండా ఎకరాలు, గుంటలు అని విడివిడిగా రాయాలి.