మితాహారము: కొందఱు పూర్వుల చరిత్ర



రచ్చబండకడ నలుగురు పెద్దలు కూడినప్పుడు ఈ కాలమున తఱచుగా వినవచ్చు మాట యొకటి గలదు. “మోకాళ్ళు పట్టివేయుచున్నవి. వైద్యుడు బరువు తగ్గుమనినాడు. ఏమి చేయుటకును తోచకున్నది.” వెంటనే ప్రక్కనున్నవారు తలకొక ఉపాయము చెప్పుదురు. ఒకరు తేనెనీరు త్రాగుమందురు. ఒకరు శనివారము కటిక ఉపవాసముండుమందురు. ఒకరు అన్నమే మానుమందురు. పాప మాతడు పదిదినములు పట్టుదలతో నన్నియు జేసి, పదునొకండవ దినమున పెండ్లివిందులో కూర్చుండి కడుపార భుజించి, ఇంటికి వచ్చి, “నాకు నిగ్రహము లేదు, నా బ్రతుకింతే” యని తన్ను తాను నిందించుకొనును. మఱునాటినుండి మునుపటికంటె నెక్కువగా తినును.

నేను వైద్యుడను గాను, బడిపంతులను. క్రొత్త చికిత్సను బోధింపబోను. ఈ చిక్కు మనకే వచ్చినది కాదనియు, పూర్వము రాజులును ప్రభువులును దీనిలో దగుల్కొని, మిక్కిలి తేలికయైన త్రోవను వెలువడిరనియు చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రను మాత్రము విన్నవించెదను.

మొదట మన దేశపు కథ. బుద్ధభగవానుని కాలమున కోసలరాజ్యమును ప్రసేనజిత్తు పాలించుచుండెను. ఆతని రాజధాని శ్రావస్తి. నేటి ఉత్తరప్రదేశమునందు సహేత్‌-మహేత్‌ అను తావున దాని శిథిలములు గలవు. ఈ రాజు దినమునకు ద్రోణపరిమాణపు బియ్యపు అన్నమును భుజించువాడని పాళీభాషలోని సంయుత్తనికాయము చెప్పుచున్నది. ఒకనాడు రాజు భోజనానంతరము రొప్పుచు, ఆయాసపడుచు బుద్ధుని సన్నిధికి వచ్చి కూర్చుండెను. బుద్ధుడు చూచెను. గ్రహించెను. “రాజా, ఇదేమి తిండి?” యని అధిక్షేపింపలేదు, పాపమనలేదు, నరకమనలేదు, ఉపవాసమును విధింపలేదు. దొరకిన అన్నమునందు మితమెఱిగి, మెలకువతో నుండువానికి బాధలు పలుచబడుననియు, వార్ధక్యము మెల్లగా వచ్చుననియు భావము గల యొక చిన్న గాథను మాత్రము చెప్పెను.

రాజు వెనుక సుదర్శనుడను బ్రాహ్మణయువకుడు నిలుచుండెను. రాజు వానిని బిలిచి, “నీవు ఈ గాథను నేర్చుకొని నా భోజనసమయమున వినిపింపుము, నీకు దినమునకు నూఱు కార్షాపణము లిచ్చెద” ననెను. వాడట్లే చేసెను. రాజు క్రమక్రమముగా తగ్గించుకొని, తుదకు నాళికెడు బియ్యపు అన్నముతో తృప్తి చెందుట కలవాటుపడెను. కొంతకాలమునకు దేహము తేలికపడగా, తన అవయవములను తానే చేతితో నిమురుకొని, “భగవానుడు నన్ను ఇహమునకును పరమునకును కరుణించె” నని సంతోషించెనట.

ఈ కథకు ధమ్మపద వ్యాఖ్యానకారులు మఱియొక సూక్ష్మమును జేర్చిరి. గాథను భోజనారంభమున గాక, రాజు కడపటి ముద్దను చేతికి దీసికొనునప్పుడు చదువవలెనట. అది విని రాజు ఆ ముద్దను విడిచిపెట్టును. ఆ ముద్దలో ఎన్ని మెతుకులున్నవో లెక్కించి, మఱునాడు వండునప్పుడు అన్ని బియ్యపు గింజలను తగ్గింపవలెను. ఈ యుక్తిని చూడుడు! ఒక్కనాడు తగ్గినది ఒక్క ముద్ద. అది ఎవరికిని కష్టము కాదు. కాని మఱునాడు కొలతయే తగ్గినది. ఆ తగ్గినదానిలో మరల ఒక ముద్ద తగ్గినది. రాజు ఏ దినమునను పస్తుండలేదు, ఏ దినమునను తన్ను తాను దూషించుకొనలేదు. అయినను ద్రోణము నాళికయైనది.

ఇక మన ఆయుర్వేదశాస్త్రము. మితముగా భుజింపవలెనని చరకుడు చెప్పినాడు. మితమెంత? దానికాయన సేరును, సోలయు చెప్పలేదు. భుజించిన దేది దేహప్రకృతిని చెఱుపక సకాలమున జీర్ణమగునో అదియే ఆ మనుష్యునికి మాత్రయనియు, అది వాని జఠరాగ్నిబలమును బట్టి యుండుననియు నిర్ణయించెను. వాగ్భటుడు గృహస్థులకందఱకు సుబోధమగునట్లు కడుపును నాలుగు భాగములు చేసి, రెండు అన్నమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాయుసంచారమునకు విడువుమనెను. స్థూలకాయుల విషయమున చరకుడు చెప్పినది మఱింత గమనింపదగినది. వారికి గురువై, అనగా కడుపులో నిలిచి యాకలిని అడచునదై, బలుపు నెక్కువగా నీయని ఆహారము తగునట. ఆ పట్టికలో కొఱ్ఱలు, సామలు, ఆరికలు, యవలు, పెసలు, ఉలవలు గలవు. మన తాతలు మెట్టపొలములలో పండించి తిన్నవే యివి! వరి పల్లమెక్కిన తరువాత మనము వీనిని మఱచితిమి.

ఇప్పుడు సముద్రముల కావలికి బోవుదము. ఇటలీదేశమున పాదువా పట్టణమునందు అల్వీజే కోర్నారో యను వెనీసు ప్రభువంశీయు డుండెను. యౌవనమున విందులలో మునిగి, నలువది యేండ్లు వచ్చుసరికి కడుపునొప్పితో, సన్నజ్వరముతో, తీరని దాహముతో మరణమే మేలనుకొను స్థితికి వచ్చెను. మందులన్నియు విఫలమైన పిమ్మట వైద్యులు, “మితముగా భుజించిన బ్రతుకుదువు, లేనిచో కొలదినెలలలో చత్తువు” అని స్పష్టముగా చెప్పిరి. ఆతడు లోబడెను. ఏడాది తిరుగకముందే ఆరోగ్యవంతుడయ్యెను. అటుపిమ్మట దినమునకు రొట్టె, గ్రుడ్డు, మాంసము, చారు అన్నియు గలిపి 12 ఔన్సులు, ద్రాక్షసారాయము 14 ఔన్సులు కొలతగా నేర్పఱచుకొనెను. తన అనుభవమును 1558లో పాదువాలో గ్రంథముగా ప్రకటించెను. అది పెక్కు ఐరోపాభాషలలోనికి అనువదింపబడినది.

ఆ గ్రంథమునందలి యొక ముచ్చట మన యిండ్లలో జరిగినట్లే యుండును. వృద్ధుడు చాలీచాలక తినుచున్నాడని బంధుమిత్రులు బెంగగొని, ఇంకొంచెము పుచ్చుకొమ్మని పోరిరి. వారి మాట తీసివేయలేక అన్నము రెండు ఔన్సులు, పానీయము రెండు ఔన్సులు పెంచెను. పది పండ్రెండు దినములలో ప్రసన్నముగా నుండు మనుష్యుడు చిడిముడి పడజొచ్చెను. పిదప ప్రక్కలో నొప్పియు, జ్వరమును బట్టుకొని చావు తప్పి బయటపడెను. పాత కొలతకు మరలినపిమ్మటనే కుదుటబడెను. ప్రేమతో కొసరి వడ్డించు చేయి ఎంత బలమైనదో మీకందఱకు దెలియును.

కోర్నారో ముక్కు మూసికొని తపస్సు చేసినవాడు గాడు. తోటలు పెంచెను, చిత్తడినేలలను బాగుచేయించి సాగులోనికి దెచ్చెను, నాటకకర్తలను పోషించెను. పాదువాలో ఆతడు కట్టించిన మంటపము నేటికిని నిలిచియున్నది. ఆతడు 1566లో మరణించెను. ఒక సత్యమును దాచరాదు: ఆతడు తన వయస్సును కొంత హెచ్చించి చెప్పుకొనెననియు, 1484 ప్రాంతమున జన్మించియుండుననియు తరువాతి పండితులు తేల్చిరి. అట్లైనను ఎనుబది దాటి యారోగ్యముతో జీవించినవాడే. 1889లో వెలువడిన గ్రంథమున నీచే యను జర్మను తత్త్వవేత్త ఆతనిని ఆక్షేపించుచు, “అల్పాహారముచేత ఆతడు దీర్ఘాయువు గాలేదు, ఆతని దేహమే ఎక్కువ అన్నమును అరిగించుకొనజాలనిది” అను భావమును వెలిబుచ్చెను. ఈ యాక్షేపణలో కొంత నిజము గలదు. కోర్నారోకు సరిపడిన 12 ఔన్సులు అరక దున్నువానికి చాలవు. మాత్ర అగ్నిబలమును బట్టి యుండునని చరకుడు చెప్పినది ఇదియే గదా! కాబట్టి ఒకరి కొలతను మఱియొకరు ఎరువు తెచ్చుకొనరాదు.

మూడవ కథ లండను నగరమునది. విలియం బాంటింగ్‌ అనునాతడు శవసంస్కారముల యేర్పాట్లు చేయు ప్రసిద్ధ వ్యాపారకుటుంబమువాడు. 1862లో, అఱువదియైదు దాటిన వయస్సున, ఆతని యెత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. వంగి పాదరక్షల ముడి వేసికొనలేడు. మోకాళ్ళ బాధచేత మెట్లు వెనుకకు తిరిగి దిగవలసివచ్చెడిది. మునుపు పడవ నడుపుమన్న నడిపెను. కండ బలిసినది గాని, ఆకలి యంతకంతకు పెరిగి, తిండియు బరువును గూడ పెరిగెను. వీథిలోను, బండ్లలోను జనులు పరిహసించుచుండుటచే నలుగురిలోనికి వెళ్ళుటయే తగ్గించుకొనెను. తుదకు హార్వీ యను చెవివైద్యుడు ఆతనిచేత రొట్టె, చక్కెర, పాలు, వెన్న, బీరు, ఉర్లగడ్డలు మాన్పించెను. సుమారు ఏడాదిలో 46 పౌనులు తగ్గెను. ఆతని ఆహారమున మాంసమును మద్యమును మెండు; కొలతకంటె పదార్థమే ముఖ్యమని ఆతని మతము; అది మనకు మార్గము గాదు. నేనాతనిని స్మరించుట వేఱొక కారణముచేత. 1863లో తన యెత్తును, బరువును, అవమానములను దాచక చిన్నపుస్తకముగా అచ్చువేయించి ప్రజలకు పంచిపెట్టెను. సిగ్గుపడవలసినది లావైనవాడు గాదు, నవ్వినవాడు. బాంటింగ్‌ 1878లో ఎనుబదియొకటవ యేట మరణించెను. స్వీడను భాషలో బరువు తగ్గుటకై పథ్యము చేయుటను నేటికిని ఆతని పేరుమీదుగా “బాంట” యని యందురు.

తక్కువ తినుట మేలైనచో, మిక్కిలి తక్కువ తినుట మఱింత మేలు గదా యని సందేహము కలుగవచ్చును. దీనికి 1945లో అమెరికాలో సమాధానము దొరకినది. యుద్ధమువలన పస్తులున్న ప్రజలను మరల ఎట్లు పోషింపవలెనో తెలిసికొనుటకై, మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్‌ కీస్‌ అను శాస్త్రజ్ఞుడు, తమంతట తాము ముందుకువచ్చిన 36 మంది యువకులకు 24 వారములు అర్ధాకలి భోజనము పెట్టెను. బరువు సుమారు నాలుగవవంతు తగ్గినది. కాని వారి మనస్సులు అన్నముచుట్టు తిరుగజొచ్చినవి. కలలు అన్నమును గూర్చియే. కొందఱు వంటపుస్తకములను ప్రీతితో చదువుచుండిరి. చిరాకు, విషాదము ముసిరినవి. ఆంక్ష తొలగినపిమ్మట కొందఱు ఎంత తిన్నను తృప్తి చెందరైరి. కటిక ఉపవాసము చేసి మఱునాడు రెండింతలు భుజించువానిని మనమెందులకు నిందింపవలెను? అది దేహధర్మము. అతిగా బిగించిన విల్లు వదలినప్పుడు వెనుకకు కొట్టును.

ఇక మన సంగతి. మన తండ్రులు విస్తరి నిండుగా అన్నము పెట్టుకొని, పప్పు, పచ్చడి, గడ్డపెరుగుతో తిని బక్కపలుచగానే యుండిరి. ఏలయన తెల్లవాఱకముందు నాగలి పట్టి, ప్రొద్దుగ్రుంకువఱకు పొలమున నుండిరి. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది. నడక స్థానమున మోటారుసైకిలు వచ్చినది. అన్నపురాశి మాత్రము తాతలనాటిదే. దోషము మనలోని దుర్గుణము గాదు, మాఱిన కాలమునకు మాఱని కొలత.

నా విషయమే మనవి చేసెదను. ఉద్యోగములో నున్నంతకాలము బడికి నడచి వెళ్ళుచుంటిని. విరమించిన రెండేండ్లలో బరువు 84 కిలోలైనది; మోకాళ్ళు మొఱ్ఱపెట్టసాగినవి. ఏకాదశినాడు పచ్చిగంగ ముట్టక, ద్వాదశినాడు రెండునాళ్ళ భోజనమును ఒక్కపూట చేయుచు, ఇంత శాస్త్రము చదివియు జిహ్వను గెలువలేకపోతినని కుమిలిపోవుచుంటిని. అట్టి కాలమున ప్రసేనజిత్తు కథ కంటబడినది. మా మనుమరాలిని సుదర్శనునిగా నియమించితిని. కార్షాపణములకు మాఱుగా వారమునకొక కథ చెప్పుట ఒప్పందము. నేను మారువడ్డనకు చేయి చాపినప్పుడు ఆ పిల్ల, “తాతయ్యా, ముద్ద!” యనును. నేను నవ్వి చేయి తీసికొందును. మా యింటి యిల్లాలు మొదట నొచ్చుకొనినది. తాను వండినది రుచింపలేదేమో యనుకొన్నది. రుచించుటచేతనే రేపటికిని కావలెననుచున్నానని చెప్పితిని. ఏడాదిలో ఏడు కిలోలు తగ్గినవి. సంక్రాంతినాడు అరిసెలు నాలుగు తిన్నమాట నిజము. ఆ దినమున పిల్లయు అడ్డుచెప్పలేదు, నేనును పశ్చాత్తాపపడలేదు. కనుమ గడచిన మఱునాడు మా కొలత మరల మాకు వచ్చినది.

అన్నము పరబ్రహ్మస్వరూపమని, ఆకులో విడువరాదని పెంచినారు మనలను. ఆ మర్యాద నిలువవలసినదే. అందులకే వడ్డించకముందే “చాలు” అనవలెను. విడిచిన అన్నము దోషమనుకొని కడుపులో గ్రుక్కుకొనుటకంటె, గరిటెను ముందుగా ఆపుట సులభము. ఇంట పెద్దవారు కొసరుట కొంచెము తగ్గించినచో అదియు ప్రేమయే.

రెండు హెచ్చరికలు. మధుమేహమునకు మందులు వాడువారు, ఇతర దీర్ఘరోగములు గలవారు వైద్యుని యడిగి గాని ఆహారమును మార్పరాదు. గర్భిణులకు, ఎదుగు పిల్లలకు, సహజముగా బక్కచిక్కినవారికి ఈ మాటలు వర్తింపవు. కష్టించి పనిచేసి, కడుపునిండ కూడు దొరకని వానియెదుట మితాహారమును గూర్చి ఉపన్యసించుట క్రూరత్వము. వానికి పెట్టవలసినది అన్నము.

తక్కినవారు ఈ రాత్రి భోజనమున ఒక్క ముద్ద తగ్గించి చూడుడు. అంతకంటె ఏమియు చేయవలదు. ఒకనాడు తప్పినచో, రాజుగారికి మఱునాడును సుదర్శనుడు వచ్చినట్లు, మనకును మఱునాటి భోజనము వచ్చును. సెలవు.