పక్కన కూర్చున్నాయన మధ్యలోకి ఎలా వచ్చాడు? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఈసారి పని చెవులకే.

ముందు ఒక ప్రశ్న. ఏదైనా పాట వింటున్నప్పుడు బేస్ వాయించేవాడి పేరు ఎప్పుడైనా వెతికారా? వెతకం. జాజ్ బ్యాండ్‌లో పాటంతా ఆయన వేళ్ల మీదే నడుస్తుంది, ఫోటోలో మాత్రం వెనక వరసలో ఉంటాడు. మన కర్ణాటక కచేరీలో అలాంటి కుర్చీ వయొలిన్‌ది. కుర్చీ అన్నాను గానీ అక్కడ అందరూ నేల మీదే కూర్చుంటారనుకోండి. నేను పెళ్లిళ్లలో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తాను. ఫ్లెక్సీ మీద ఫోటో ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఈ కథ నాకు ఇష్టం.

వయొలిన్ మనది కాదు, యూరప్ నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ దాన్ని నేర్చుకుని మన సంగీతానికి తెచ్చారు. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని దాని తలని కాలి మడమ దగ్గర ఆనించారు. తీగల శ్రుతి కూడా మార్చేసి స-ప-స-ప అని కట్టుకున్నారు. దాంతో ఎడమ చెయ్యి వయొలిన్‌ని మోయక్కర్లేదు, తీగ మీద హాయిగా జారొచ్చు. గమకం పుట్టేది ఆ జారుడులోనే.

ఇంత చేసినా దాని స్థానం గాయకుడి పక్కనే. ఆ పని ఎంత కష్టమో చూడండి. కచేరీకి ముందు రిహార్సల్ ఉండదు. ఏ రాగం పాడబోతున్నారో చాలాసార్లు వయొలిన్ వాయించే ఆయనకి ముందు తెలీదు. గాయకుడు ఒక సంగతి పాడితే క్షణంలో దాన్ని పట్టుకుని వెనకాలే వెళ్లాలి. అలాగని ఆయన్ని మించిపోకూడదు.

ఇప్పుడు మన మనిషి దగ్గరికి వద్దాం. వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబర్ 8న, దీపావళి రోజున బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఆఫీసర్. పెరిగింది మాత్రం మన విశాఖపట్నంలో. చూపు చాలా తక్కువ. పుస్తకంతో ఇబ్బంది పడ్డ పిల్లాడి చేతికి అన్నగారు వెంకటకృష్ణయ్య వయొలిన్ ఇచ్చి, తానే గురువయ్యారు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు! నాయుడు గారు అక్కడ స్టూడెంట్‌గా చేరదామని వెళ్తే, వాయించింది విని పంతులుగా పెట్టుకున్నారని మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్లు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు చదువుకున్నదీ ఆ కాలేజీలోనే.

అసలు మలుపు ఇక్కడుంది. గాత్రం లేకుండా వయొలిన్ ఒక్కటే కచేరీ నిలబెట్టగలదని నాయుడు గారి నమ్మకం. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారని చెబుతారు. ఈ రోజుల్లో వయొలిన్ సోలో అంటే మనకి మామూలే. అప్పట్లో అలా కాదు. పాటలో మాటలుంటాయి, వయొలిన్‌లో ఉండవు. పాడేవాళ్లు లేకుండా మూడు గంటలు జనాన్ని కూర్చోబెట్టాలంటే శబ్దంలోనే ఆ మాటల బరువు ఉండాలి. ఆ బరువు ఆయన కమానులో ఉండేది. పాశ్చాత్య వయొలిన్ వాళ్లలా కమానుని పొడుగ్గా, నిండుగా లాగేవారు, స్వరం తెగేది కాదు. టెక్నిక్ అక్కడిది, రాగం ఇక్కడిది. దీన్ని కాపీ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పనిముట్టు ఎక్కడిదైతే ఏంటండీ!

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్ట్ యెహుదీ మెనుహిన్ ఇండియా వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట్లో నాయుడు గారి వాయిద్యం విన్నారు. ఒక్కసారి ఊహించుకోండి. ఏ సంప్రదాయం నుంచి ఆ వాయిద్యం మనకొచ్చిందో, ఆ సంప్రదాయంలోని మేటి విద్వాంసుడు ఎదురుగా కూర్చుని, నేల మీద కూర్చున్న విశాఖ మనిషి వాయిస్తుంటే వింటున్నాడు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964 నవంబర్ 25న పోయారు. కూతురు మంగతాయారు గారూ పేరున్న వయొలిన్ విద్వాంసురాలే.

ఆయన పాత రికార్డింగులు ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. గరగర ఉంటుంది, భయపడకండి. మొదటి రెండు నిమిషాలు ఇది ఏ రాగమా అని ఆలోచించకుండా కమాను ఎక్కడ తిరుగుతుందో పట్టుకోడానికి చూడండి. నాకైతే చాలాసార్లు దొరకలేదు. మీకు దొరికితే ఎన్నో సెకనులోనో కింద రాయండి.